సీటు పట్టే పిల్ల

ఆ ఏడు మే నెలలో మా నాయన మూడు ఊళ్ళ మెట్రో రైళ్ళకు పరీక్ష పెట్టాడు. పరీక్ష రైళ్ళకే అని ఆయన మాట. పాసో ఫెయిలో కావలసింది మాత్రం మా చెల్లెలు త్రివేణి.

త్రివేణికి పదో ఏట చూపు పోయింది. చదువు మాత్రం ఆపలేదు. ఇరవై నాలుగేళ్ళకు కేంద్ర ప్రభుత్వ ఆఫీసులో ఉద్యోగం తెచ్చుకుంది. హైదరాబాదు, చెన్నై, బెంగళూరు మూడు చోట్లా ఖాళీలున్నాయి, ఏ ఊరు కావాలో నెలాఖరులోగా చెప్పమన్నారు. ఎవరింట్లోనైనా ఆ పూట పాయసం చేసుకుంటారు. ధర్మవరంలో మా అమ్మ చెన్నమ్మ ఆ పూట పొయ్యి కూడా ముట్టించలేదు.

నాయన మగ్గం గుంతలో కాళ్ళు పెట్టుకుని కూర్చున్నవాడు లేవకుండానే మొదలుపెట్టాడు.

"రూములో ఒక్కదానివే ఉంటావు, సరే. వండుకుంటావు, సరే. దినామూ ఆఫీసుకు ఎట్ల పోతావు?"

"మెట్రో రైల్లో నాయనా."

"ఆ రైలు యాడ ఎక్కల్ల, యాడ దిగల్ల, యాడ మారల్ల, ఎవరు చూపిస్తారు నీకు?"

"ఎవురూ చూపించే పనిలేదు. నేనే పోతా."

"పోతావు! పొయ్యి పట్టాల మీద పడతావు!"

నేను హేమావతిని, దానికంటే ఏడేళ్ళు పెద్ద. పక్క వీధిలోనే కాపురం, చీరలకు కుచ్చులు కట్టుకుంటూ బతుకుతాను. బజారుకైనా, గుడికైనా, కాలేజీకైనా దాని చెయ్యి నా ఎడమ మోచేతి మీదే ఉండేది. ఆ పొద్దు నాక్కూడా నాయన మాటే సబబనిపించింది. మెట్రో రైలు నేను మాత్రం ఎప్పుడైనా ఎక్కానా! వీడియోలో చూస్తేనే కళ్ళు తిరిగాయి.

పైకి ఎవరమూ అనని మాట ఇంకొకటుంది. మే నెలలో మా ఊరి గాలి ఎండి పేలపిండి అవుతుంది. గుంతలో ఎన్ని నీళ్ళు చల్లినా పట్టు పోగులు ఊరికే తెగుతాయి. తెగిన పోగును తడిమి పట్టుకుని, బూడిద అద్ది, రెండు వేళ్ళతో మెలిపెట్టి అతికేది త్రివేణే. దాని వేళ్ళు లేని మగ్గాన్ని నాయన తలచుకోలేకపోయాడు.

చివరికి నాయనే తీర్మానం చేశాడు. "మూడు ఊర్లూ పోదాం. రైలెక్కిన కాడ్నించి ఆఫీసు గేటు దాకా నువ్వే ముందు నడవల్ల. నేనూ హేమా వెనకాల వస్తాం, నోరిప్పం. యా ఊర్లో పోగలిగితే ఆ ఊర్లో ఉద్యోగం చేసుకో. యాడా కాకపోతే ఇంట్లో ఉండు. మళ్ళా ఆ మాటెత్తగూడదు."

త్రివేణి నవ్వింది. "నేను పోగలను నాయనా. నువ్వు నోరిప్పకుండా ఉండగలవా?"

అమ్మ వంటింట్లోంచే కసిరింది. "పిల్లను పంపాలని ఉంటే పంపు, లేకుంటే లేదను. ఈ ఊరేగింపు యాల?"

మా ఇంట్లో ప్రయాణమంటే ఒక పద్ధతి ఉంది, అది ముందే చెప్పాలి. అనంతపురం బస్సు వచ్చి నిలబడగానే జనం కిటికీల్లోంచి తువ్వాళ్ళు విసిరి సీట్లు పట్టుకుంటారు కదా. మాకు తువ్వాలు అక్కర్లేదు, త్రివేణి ఉంది. "తోవ ఇడవండప్పా, కండ్లు లేని పాప!" అని నాయన అరిచి దాన్ని మెట్ల మీదికి తోసేవాడు. అది లోపలికి పోయి, సీట్లో కూర్చుని, రెండు చేతులూ బార్లా చాపేది. మేము సంచులూ మూటలూ తీరిగ్గా ఎత్తుకుని ఎక్కేవాళ్ళం. అమ్మ దాన్ని 'మా సీటు పట్టే పిల్ల' అని ముద్దుగా పిలిచేది. హైదరాబాదుకు పోయే రోజు ధర్మవరం స్టేషన్లో జనరల్ బోగీలోకి కూడా అట్లాగే తోశాడు. అది ఎప్పటిలాగే చేతులు చాపింది.

హైదరాబాదులో మెట్రో అంతా గాల్లోనే, నేల కింద ఏమీ లేదు. అన్నిచోట్లా తెలుగు బోర్డులు, రైల్లో తెలుగులోనే చెప్తారు. ఒక రైలు చివరి స్టేషను పేరు కూడా మా అనంతపురం వైపు ఊరి మాదిరే రాయదుర్గం అని వినగానే నాయన ముఖం విప్పారింది. "మనూరి పక్కకే పోతాండాం సూడు" అని గొణిగి, నోరిప్పనన్న మాట గుర్తొచ్చి నాలుక కరుచుకున్నాడు.

త్రివేణి తెల్ల కర్ర తీసి రెండడుగులు వేసిందో లేదో ఒకావిడ వచ్చి దాని చెయ్యి పట్టుకుంది. "పాపం, ఎక్కడికమ్మా?" మెట్ల దగ్గర ఇంకొకాయన రెక్క పట్టుకున్నాడు. అమీర్‌పేటలో రైలు మారేటప్పుడయితే కాలేజీ పిల్లలు ఇద్దరు చెరో పక్కా పట్టుకుని, దాని కాళ్ళు నేలకు ఆనాయో లేదో తెలియకుండా తీసుకుపోయి ఆడవాళ్ళ పెట్టెలో కూర్చోబెట్టారు. అందరూ బంగారం లాంటి మనుషులే. ఆఫీసు గేటు దాకా చేతులు మారుకుంటూ పోయింది.

"ఇంకేం, ఈ ఊరే ఖాయం!" అన్నాడు నాయన. "జనం ఎంత మంచోళ్ళు!"

త్రివేణి ముఖం మాడిపోయింది. "మంచోళ్ళే. నన్ను మూట మాదిరి మోసినారు. తోవలో ఒక్క మలుపు కూడా నాకు తెలీలేదు. రేపు మళ్ళీ వస్తే మళ్ళీ మూటనే. ఈ ఊరు వద్దు."

"వద్దంటావేమే! పొగరా?"

"పొగరే" అంది.

నాకు ఒళ్ళు మండింది. ఇంత సాయం చేసే ఊరిని కాలదన్నుకుంటే ఇక దీనికి ఏ ఊరు పనికొస్తుంది? తిరుగు ప్రయాణమంతా దానితో మాట్లాడలేదు.

ఆ తర్వాతి వారం చెన్నై పోయాం. అక్కడ నేల కిందికి దిగగానే చల్లటి గాలి. ప్లాట్‌ఫారం అంచున నిలువెత్తు గాజు గోడ ఉంది, రైలొచ్చి నిలబడితేనే అందులో తలుపులు తెరుచుకుంటాయి. నాయన ఆ గాజును అరచేత్తో నొక్కి నొక్కి చూశాడు. కొత్త చీర అంచును చూసేటప్పుడు కూడా ఆయన అట్లాగే చూస్తాడు. పట్టాల మీద పడే పనే లేదని ఆయన కళ్ళే చెప్పాయి.

భాష మాత్రం మాకు ఒక్క ముక్క రాదు. త్రివేణికి ఇంగ్లీషు చాలు. నేల మీద పరిచిన పసుపు పచ్చ పలకలను కర్రతో, కాలితో తడుముకుంటూ తనంతట తనే పోయింది. గీతలున్న పలకలయితే నడవమని, చుక్కలున్నవయితే ఆగమని అర్థమట. రైల్లో నాకు చెవిలో చెప్పింది. "పోగులు తడిమినట్లే అక్కా, కాలితో తడమడం." ఇంతకాలం ఆ పలకలు అందానికి పరిచారనుకున్నాను నేను.

ఆలందూరులో రైలు మారాలి. ఆ స్టేషను నేల పైన ఉంది, అక్కడ గాజు గోడ లేదు. త్రివేణి నేరుగా అంచు వైపు నడుస్తోంది. చుక్కల పలకలు ఇంకా రెండడుగుల దూరంలో ఉన్నాయి. నేను చూస్తూనే ఉన్నాను. ఇంతలో నాయన "ఆగూ!" అని స్టేషనంతా దద్దరిల్లేలా అరిచి, ఒక్క ఉరుకున పోయి దాని జడ పట్టుకుని వెనక్కి లాగాడు.

త్రివేణి జడ విడిపించుకుని నిలబడింది.

"ఇంకా రెండడుగులుండాయి. చుక్కలు రాంగానే నేను ఆగేదాన్ని."

"ఆగకపోయుంటే?"

"ఆగేదాన్ని! ఇప్పుడు నేను ఆగేదాన్నో లేదో నీకూ తెలీదు, నాకూ తెలీదు. నోరిప్పనంటివి కదా నాయనా?"

అక్కడ్నించే వెనక్కి తిరిగొచ్చేశాం. చెన్నై అట్లా అటూ ఇటూ కాకుండా పోయింది. ఇంటికొచ్చాక ఇద్దరూ ఉలుకూ పలుకూ లేకుండా ఒకే మగ్గం మీద పని చేశారు. పోగు తెగితే నాయన చెయ్యి ఆపేవాడు, త్రివేణి వచ్చి అతికేది, పోయేది. నెలాఖరు దగ్గరపడుతోంది. మిగిలింది ఒక్క ఊరు. అది కూడా కాకపోతే ఈ పిల్ల జన్మంతా ఆ గుంత పక్కనే కూర్చుంటుందని నాకు మొదటిసారి తట్టింది. తట్టాక రాత్రి అన్నం సహించలేదు.

బెంగళూరు మాకు కొత్త కాదు. నాయన చిక్కపేటలో చీరలమ్మడానికి పోతూనే ఉంటాడు, కన్నడం మాట్లాడతాడు. కానీ ఎప్పుడూ సిటీ బస్సే. ఆ ఊళ్ళో మెట్రో ఎక్కడం ఆయనకూ ఇదే మొదలు. ఆఫీసు జయనగర్‌లో. మెజెస్టిక్‌లో నేల కింద రెండంతస్తులు దిగి, సిల్క్ ఇన్‌స్టిట్యూట్ వైపు పోయే ఆకుపచ్చ లైను రైలెక్కాలి. "పట్టు పేరు మీద రైలు పెట్టినారే!" అని నాయన ఆ మాటను శకునంలా పట్టుకున్నాడు. పొద్దున్నించీ అదొక్కటే ఆయన నవ్విన నవ్వు.

మెజెస్టిక్ అంటే మెజెస్టిక్కే. తిరునాళ్ళ జనం. అయినా త్రివేణి ఒక్కచోట తడబడింది తప్ప, ఇద్దరిని అడిగి, గీతలు పట్టుకుని సరిగ్గా ఆకుపచ్చ లైను ప్లాట్‌ఫారం మీదికి చేరింది. గాజు గోడ లేదు. చుక్కల పలక తగలగానే ఆగింది. నాయన వైపు తిరిగి చిన్నగా నవ్వింది కూడా. మూడు వారాల తర్వాత నవ్వింది.

ఆ తోపులాటలో దాని జుట్టు ముడి ఊడిపోయింది. ముడేసుకోవడానికి కర్రా ఫోనూ నా చేతికిచ్చింది. టోకెన్ మాత్రం చుడీదారు జేబులో వేసుకుంది. సరిగ్గా అప్పుడే ఒక రైలొచ్చి ఆగింది.

జనం ఒక్కసారిగా కదిలారు. నాయనకు ఏమైందో ఏమో! అంతసేపూ బిగబట్టుకున్న మనిషి, బస్టాండులో నిలబడ్డట్టే, "తోవ ఇడవండప్పా, కండ్లు లేని పాప!" అని అరిచాడు. భుజం మీది తువ్వాలు దాని భుజాన వేసి, "పో పాపా, సీటు పట్టు!" అని వీపు మీద చెయ్యేసి లోపలికి తోసేశాడు. తోసి, కింద పెట్టిన సంచి తీసుకోవడానికి వెనక్కి వంగాడు.

తలుపులు మూసుకున్నాయి.

అద్దం అవతల త్రివేణి రెండు చేతులూ చాపుతూ కనిపించింది. రైలు కదిలింది. నాయన సంచి వదిలేసి అద్దాన్ని అరచేతుల్తో బాదుతూ నాలుగు బారలు పరుగెత్తాడు. కాపలా ఉన్న సెక్యూరిటీ ఆయన వచ్చి నడుం పట్టుకుని వెనక్కి లాగాడు. ఆ ఒక్క క్షణంలో నేను పైన వెలుగుతున్న బోర్డు చూశాను. ఆ రైలు సిల్క్ ఇన్‌స్టిట్యూట్‌కు పోయేది కాదు. దానికి పూర్తిగా ఎదురు దిక్కున పోయేది.

"యా రైల్లోకి తోసినావు నాయనా!"

"వచ్చిన రైల్లోకి తోసినా!" అన్నాడు.

కర్ర నా చేతిలో ఉంది. ఫోన్ నా చేతిలో ఉంది. నా ఎడమ మోచెయ్యి ఉత్తగా ఉంది. ఏడుపు తన్నుకొచ్చింది. నాకు వచ్చిన నాలుగు కన్నడ ముక్కల్లో సెక్యూరిటీ ఆయనకు చెప్పాను. ఆయన పాపం వెంటనే వాకీటాకీలో మాట్లాడాడు. తర్వాతి స్టేషన్లో వెతుకుతున్నారు అన్నాడు. కాసేపటికి, అక్కడ ప్లాట్‌ఫారం మీద అట్లాంటి అమ్మాయి ఎవరూ లేరట అన్నాడు. ఆ పై స్టేషన్లోనూ చూడమన్నాడు. నేను ఆయన చేతిలోని వాకీటాకీనే చూస్తూ నిలబడ్డాను.

నాయన మాత్రం ఆయన మీద విరుచుకుపడ్డాడు. "రైలు నిలపమను! కండ్లు లేని పాపప్పా! మనిషివి కాదా నువ్వు!" అని తెలుగూ కన్నడం కలిపి గొంతు చించుకుంటున్నాడు. చుట్టూ జనం మూగారు. మా వెనక వైపు ఏదో రైలొచ్చింది, జనం దిగారు, ఎక్కారు. ఆ రొదలోనూ నాయన గొంతే పైకి వినిపిస్తోంది.

ఉన్నట్టుండి ఆగిపోయింది.

తిరిగి చూస్తే నాయన నోరు తెరిచి అట్లాగే ఉన్నాడు. చెయ్యి గాల్లో ఉంది. వెనక వైపు రైలు వెళ్ళిపోతోంది. గుండెనొప్పి వచ్చిందేమోనని హడలిపోయాను. పోయి పట్టుకుంటే మెల్లగా అక్కడున్న బల్ల మీద కూలబడ్డాడు.

"నీళ్ళియ్యమ్మా" అన్నాడు.

తాగాడు. ముఖం తుడుచుకోవడానికి భుజం తడుముకున్నాడు, తువ్వాలు లేదు. చొక్కా అంచుతో తుడుచుకున్నాడు.

"పా, పోదాం" అన్నాడు.

"యాడికి?"

"జయనగర్‌కు."

నాకు పిచ్చెక్కింది. "పిల్లను అటు తోసి, ఇప్పుడు ఇటు పోదామంటావా! దాని చేతిలో కర్ర కూడా లేదు! నువ్వు మనిషివేనా నాయనా?" అంత మాట ఆయనను జన్మలో అనలేదు. జనం మధ్యలో అనేశాను.

ఆయనకు కోపం రాలేదు. "ఆడికే పోవల్ల కదమ్మా, అది పొయ్యే చోటు. పా" అని లేచి, సెక్యూరిటీ ఆయనకు దండం పెట్టి, మమ్మల్ని క్షమించప్పా అన్నాడు. ఈ మనిషికి మతి పోయిందనుకున్నాను. దారి పొడుగునా చిక్కపేట, మార్కెట్, లాల్‌బాగ్ అని ఒక్కో స్టేషను పేరూ చెప్తుంటే ఒక్కో పేరుకూ తిట్టుకున్నాను. ఆయననూ, మెట్రోనూ, ఉద్యోగమిచ్చిన వాళ్ళనూ.

జయనగర్‌లో టోకెన్లు వేసే గేట్ల అవతల, గోడకు ఆనుకుని త్రివేణి నిలబడి ఉంది. భుజాన నాయన తువ్వాలు. జుట్టు ముడేసుకునే ఉంది.

నేను పరుగెత్తిపోయి దాని చెంప మీద ఒక్కటి వేశాను. వెంటనే వాటేసుకుని గోడుగోడున ఏడ్చాను.

"ఇంతసేపు ఏం చేస్తాంటిరి?" అంది అది చెంప రుద్దుకుంటూ. "కర్ర తెచ్చినావా? కర్ర లేకుండా రోడ్డు మీదికి పోలేక నిలబడుకున్యా."

కర్ర ఇచ్చాను. అది టపటపా మడతలు విప్పి నేల తట్టింది. "నడిచేదా నాయనా? ఆఫీసు గేటు దాకా అంటివి కదా."

నాయన ఊఁ అన్నాడు. అది ముందు నడిచింది. అరటిపండ్ల బండి దగ్గర ఆగి తోవ అడిగింది. రోడ్డు దాటేటప్పుడు ఒకామె "ఎక్కడికి పోవాలి?" అని కన్నడంలో అడిగి, చెయ్యి పట్టుకోకుండా తన మోచెయ్యి ముందుకు పెట్టింది. త్రివేణి దాని మీద చెయ్యేసి రోడ్డు దాటి, వదిలేసింది. నాయన నోరిప్పలేదు. ఆఫీసు గేటు కమ్మీని కర్రతో టంగుమనిపించి మా వైపు తిరిగింది.

"మూడింట్లోనూ ఈ ఊరే కష్టం" అంది. "గాజు గోడ లేదు, జనం ఎక్కువ, భాష అంతంత మాత్రం. అయినా నాకు ఈ ఊరే కావాల."

నాయన వాదిస్తాడని చూశాను. "సరే" అన్నాడు. అంతే.

సాయంత్రం తిరుగు రైల్లో నాయన నిద్రపోయాక, హిందూపురం దాటాక, త్రివేణి నా మోచెయ్యి గిల్లింది.

"అక్కా, ఒక మాట. నాయనకు చెప్పొద్దు."

"ఏంది?"

"తోసినాక, తర్వాతి స్టేషన్లోనే దిగినా. ఒక కాలేజీ పాప ఎదురు రైలు ఎక్కించింది. ఆ రైలు మళ్ళా మెజెస్టిక్‌లోనే కదా ఆగేది. తలుపు తెరిచినారు. నాయన కొట్లాడేది వినపడింది. ఈ పక్కనే, నాలుగడుగులు కూడా లేదు."

నేను దాని వైపు తిరిగాను. "విని?"

"కాలెత్తినా అక్కా, దిగుదామని. ఆడ దిగితే మీరు నన్ను వెతికి పట్టుకున్నట్లవుతాది. ఇంగ ఇంటికే. అందుకే దిగలా."

"ఫోను చెయ్యచ్చు కదే! ఎవరినడిగినా ఇస్తారు. నా నంబరు నీకు నోటికొస్తుంది."

"చేస్తే ఆడ్నే ఉండు, వస్తాండాం అంటావు."

నిజమే, అదే అనేదాన్ని. అయినా ఎంత రాతి గుండె దీనిది! ధర్మవరం దాకా కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను. అది నా మోచేతి మీద చెయ్యి వేసింది. నేను తీసెయ్యలేదు.

జూన్‌లో ఉద్యోగంలో చేరడానికి పోయింది. ఆ పొద్దు ధర్మవరం స్టేషనుకు అమ్మ రాలేదు, ఇంట్లోనే ఏడుస్తూ కూర్చుంది. బెంగళూరు రైలొచ్చింది. జనం ఎప్పటిలాగే తోసుకుంటున్నారు. నాయన చెయ్యి అలవాటుగా త్రివేణి వీపు మీదికి లేచింది. లేచి, గాల్లోనే ఆగి, వెనక్కి పోయింది. రెండు చేతులూ వెనక కట్టుకుని నిలబడ్డాడు. అది అందరూ ఎక్కాక, కర్రతో మెట్టు తట్టుకుని ఎక్కింది. సీటు దొరకలేదు. తలుపు దగ్గర నిలబడే పోయింది.

బయటికి నడిచొస్తుంటే నాయన అన్నాడు, "ఆ పొద్దు మెజెస్టిక్‌లో నేను సూసినా హేమా."

"ఏం సూసినావు?"

"వెనక పక్క రైలొచ్చింది సూడు, దాంట్లో. తలుపు తెరిచినారు. పాప కమ్మీ పట్టుకుని నిలబడుకోనుండాది, భుజాన నా తువ్వాలు. నా గొంతు విని ఇటు తిరిగింది. ఒక కాలు ఎత్తింది కూడా. మళ్ళా దించేసింది."

నేను నడవడం మానేసి నిలబడ్డాను. "మరి పిలవకపోతివా?"

"పిలుద్దామనే నోరు తెరిచినా" అన్నాడు. "పిలిస్తే దిగేసేది కదమ్మా."

ఆటో పిలిచి ఎక్కి కూర్చున్నాడు. ఇద్దరికిద్దరూ సరిపోయారు. ఏమీ తెలియక నడిమధ్యలో గుండెలు బాదుకున్నది నేనొక్కదాన్నే. ఇంటికొచ్చి అమ్మ దగ్గర ఇద్దరినీ కలిపి తిట్టాను. తిట్టి తిట్టి ఏడ్చాను.

ఇప్పటికీ బజారుకు పోయేటప్పుడు నా ఎడమ మోచెయ్యి కాస్త బయటికి పెట్టే నడుస్తానట. అందరూ నవ్వుతారు. నవ్వితే నవ్వనీ.